సర్వైవింగ్ మార్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

బల్గేరియా సంస్థ హేమిమాంట్ గేమ్స్ తయారుచేసిన 'సర్వైవింగ్ మార్స్' 2018 మార్చిలో వచ్చింది. అంగారకుడి మీద కాలనీ కట్టి, అందులో మనుషుల్ని బతికించుకోవడమే ఆట. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ధూళి గురించే.

ప్ర: ఉన్నది ఒక్క డోమ్ (జనం ఉండే గుమ్మటం). దానికి మూడు మాక్సీలు (ఆక్సిజన్ తయారుచేసే యంత్రాలు) పెట్టాను. అయినా ధూళి తుఫాను వస్తే ఆక్సిజన్ అందక జనం చనిపోతున్నారు. ఇంకెన్ని పెట్టాలి?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జ: ఇంకొక్కటి కూడా వద్దండి. తుఫాను ఉన్నంతసేపూ మాక్సీ పనిచెయ్యదు. గాలిలోంచి నీళ్లు తీసే వేపరేటరూ అంతే. మూడున్నా ముప్పై ఉన్నా అప్పుడు వచ్చేది సున్నా. మీకు కావలసింది నిలవ, అంటే ఆక్సిజన్ ట్యాంకులు, వాటర్ టవర్లు. గంటకు ఎంత ఖర్చవుతోందో చూసి, దాన్ని 24తో, తర్వాత 3తో గుణించండి. గంటకు 2 ఖర్చయ్యే చోట మూడు రోజులకు 144 ఉండాలి. ట్యాంకు కట్టగానే సరిపోదు, అది నిండాలి కూడా. మీ దగ్గర మిగులుగా ఉన్న మాక్సీలు పనికొచ్చేది అక్కడే.

తుఫాను హెచ్చరిక కనబడగానే, రాకెట్లకు ఇంధనం చేసే ఫ్యూయల్ రిఫైనరీ ఆపెయ్యండి. మనుషులకు దాచిన నీళ్లనే అదీ లాగేస్తుంది. స్టర్లింగ్ జనరేటర్ తెరిచి ఉంటే 20 యూనిట్ల కరెంటు ఇస్తుంది, మూస్తే 10. కానీ మూసినదానికి ధూళి పట్టదు, కాబట్టి తుఫానుకు ముందే మూసెయ్యండి. సోలార్ ప్యానెళ్ల ఉత్పత్తి పడిపోతుంది, గాలి టర్బైన్లది పెరుగుతుంది. రెండూ కలిపి పెట్టుకోమని మేం చెప్పేది అందుకే.

పైపుల సంగతి చాలామంది పట్టించుకోరు. లైను ఎంత పొడవుంటే లీకులు అంత ఎక్కువ. నిండా ఉన్న ట్యాంకు కూడా లీకులో ఖాళీ అయిపోతుంది. ట్యాంకుల్ని డోమ్ పక్కనే పెట్టి, దూరం పోయే పైపుకి వాల్వు వేయండి. లీకు దూరపు భాగంలో వస్తే వాల్వు కట్టేసి, డ్రోన్లు బాగుచేసేదాకా డోమ్‌ని కాపాడుకోవచ్చు.

అన్నట్టు, మాక్సీ ఊహించిన యంత్రం కాదు. నాసా పర్సివరెన్స్ రోవర్‌లో అదే పేరున్న పరికరం 2021–2023 మధ్య 16 సార్లు నడిచి, మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. టర్బైన్ విషయంలో మాత్రం ఆట బాగా ఉదారంగా ఉంది. నిజమైన అంగారకుడి మీద వాతావరణ పీడనం భూమి మీది పీడనంలో ఒక్క శాతం కూడా ఉండదు, అంత పలచటి గాలికి టర్బైన్ తిరగడం కష్టం.

ప్ర: కాంక్రీట్ ఎక్స్‌ట్రాక్టర్లు (నేలలోంచి కాంక్రీటు తీసే యంత్రాలు) ఆగిపోయాయి. డ్రోన్లు ఖాళీగా ఉన్నా బాగుచెయ్యవు. ఏమిటి లోపం?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జ: డ్రోన్లది తప్పు కాదు, మీ దగ్గర మెషీన్ పార్ట్స్ అయిపోయాయి. ఎక్స్‌ట్రాక్టరుకీ, గాలి టర్బైనుకీ మరమ్మతుకి కావలసింది అవే. సోలార్ ప్యానెల్‌కి మెటల్స్ చాలు, డ్రోన్ హబ్‌కి ఎలక్ట్రానిక్స్ కావాలి. కొత్తది ఏది కట్టే ముందైనా, దాని మరమ్మతుకి ఏం కావాలో చూడండి. కాలనీని ముంచేది కట్టడానికి అయ్యే ఖర్చు కాదు, నిలబెట్టడానికి అయ్యే ఖర్చే. ప్రస్తుతానికి రాకెట్లో పార్ట్స్ తెప్పించుకోండి. జనం వచ్చాక మెటల్స్‌తో పార్ట్స్ చేసే ఫ్యాక్టరీ కట్టండి.

ఎక్స్‌ట్రాక్టర్ తన చుట్టూ ధూళి లేపుతుంది. దాని పక్కన ప్యానెళ్లు, వేపరేటర్లు ఉంటే వాటికీ తొందరగా మరమ్మతు వస్తుంది. ఎడంగా పెట్టండి. కాంక్రీటు సరిపడా ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ ఆపేయండి.

ప్ర: మొదటి రాకెట్లో ఎవరిని తీసుకురావాలి?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జ: ముందు డ్రోన్లతో డోమ్, ఇళ్లు, నీళ్లు, ఆక్సిజన్ అన్నీ నడుస్తున్నాయని చూసుకుని, ఆ తర్వాతే 12 మందిని పిలవండి. మొదటి బిడ్డ పుట్టేదాకా, లేదా 10 రోజులు గడిచేదాకా కొత్తవాళ్లు రారు. ఒక్కొక్కరు రోజుకి 0.2 ఆహారం తింటారు. 12 మందికి 10 రోజులకి 24 కావాలి, కనీసం 30 దగ్గర పెట్టుకోండి. పొలంలో పని చేసేందుకు బోటనిస్టులు తప్పనిసరి. వృద్ధులు పని చెయ్యరు కాబట్టి ఇప్పుడు వద్దు. ఆడా మగా ఇద్దరూ ఉండాలి. జనం సౌకర్యం స్థాయి తగ్గితే పిల్లలు పుట్టరు, సున్నాకి పడితే భూమి నుంచి వచ్చినవాళ్లు తిరుగు రాకెట్ ఎక్కేస్తారు. అందుకే ఇళ్లతో పాటే కిరాణా, పార్కు కట్టేయండి.

ప్ర: రాత్రి బ్యాటరీలు చాలడం లేదు.
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జ: ఫ్యాక్టరీలకు రాత్రి షిఫ్టు తీసేయండి. కరెంటు మిగులుతుంది, పనివాళ్ల మానసిక స్థితీ దెబ్బతినదు.

ప్ర: ఇండియా తరఫున ఆడవచ్చా?
(ఒక పాఠకుడు, డాలస్)

జ: ఆడవచ్చు, కాలనీకి నిధులిచ్చే స్పాన్సర్ల జాబితాలో ఇండియా ఉంది. అయితే మొదటిసారి ఆడుతుంటే ఇంటర్నేషనల్ మార్స్ మిషన్ ఎంచుకోండి. నిధులు ఎక్కువ, పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు.