పాఠకుల ప్రశ్నలు: ఒకే రోజు రెండు పెళ్లిళ్లలో వాయించాలంటే

ప్రశ్న: కీబోర్డ్ వాయిస్తాను. మధ్యాహ్నం ఒక పెళ్లి, సాయంత్రం ఇంకోటి. రెండు హాళ్లకీ మధ్య గంట ప్రయాణం. ఎంత వ్యవధి ఉంచుకోవాలి?

జవాబు: రెండో చోట మొదటి పాట టైమ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నలుగురి బ్యాండయితే సామాను దించి స్టేజీ ఎక్కించడానికి 20 నిమిషాలు, వైర్లు కలపడానికి 40, సౌండ్ చెక్‌కి 20, బట్టలు మార్చుకోడానికి 15. అంటే గంటా ముప్పై ఐదు నిమిషాల ముందే గుమ్మంలో ఉండాలి. దీనికి గంట ప్రయాణం, మొదటి చోట సామాను సర్దుకునే అరగంట కలిపితే మూడు గంటల పైనే. మొదటిది ఆలస్యంగా మొదలవడం మామూలే కాబట్టి నాలుగు గంటలు దొరక్కపోతే రెండోది ఒప్పుకోకండి. ఒప్పందంలో మొదలుపెట్టే టైమ్ ఎలాగూ రాస్తారు, ముగించే టైమ్ కూడా రాయించుకోండి. ‘ఇంకొక్క పాట’ అనేవాళ్లకి చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇంకో మాట. మొదటి చోట గాయని కోసం ప్లస్ రెండుకి మార్చిన ట్రాన్స్‌పోజ్ (కీబోర్డ్ శ్రుతిని పైకీ కిందికీ జరిపే సెట్టింగు) రిజిస్ట్రేషన్‌తో, అంటే కీబోర్డ్‌లో దాచుకునే సెట్టింగుల కట్టతో పాటు సేవ్ అయిపోతే, సాయంత్రం మొదటి స్వరానికే మీరొక శ్రుతి, మిగతా వాళ్లొక శ్రుతి. కీబోర్డ్ ఆన్ చేయగానే ముందు డిస్‌ప్లేలో ట్రాన్స్‌పోజ్ అంకె చూడండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ని మిక్సర్‌కి కలపగానే స్పీకర్లలో గుయ్‌మని మోత. కేబుల్ మార్చినా పోవట్లేదు.

జవాబు: ముందు ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే తప్పు ఛార్జర్ దారిది, కేబుల్‌ది కాదు. మిక్సర్ ఒక ప్లగ్ పాయింట్ నుంచి, ఛార్జర్ ఇంకో పాయింట్ నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్త్‌ల మధ్య, ఆడియో కేబుల్ కవచం మీదుగా ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో పారే కరెంటే మీకు వినిపించే హమ్. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి ఇస్తే చాలాసార్లు పోతుంది. పోకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఆడియో కేబుల్ ఎర్త్ కలయికని విడదీసేది) నొక్కండి. కొందరు ప్లగ్‌లోని ఎర్త్ పిన్నే విరిచేస్తారు. హమ్ పోతుంది నిజమే. కానీ లోపల వైరు తెగి లోహపు పెట్టెకి తగిలితే ఆ కరెంటు వాయించేవాడి ఒంట్లోంచి పోతుంది. ఆ పని మాత్రం చేయకండి.

ప్రశ్న: శాక్సోఫోన్, వయొలిన్ జంటగా వాయిస్తాం. ఏసీ గదిలో కలిసిన శ్రుతి ఆరుబయట స్టేజీ మీద ఎందుకు చెడుతుంది?

జవాబు: రెండూ చెరో వైపు జరుగుతాయి కాబట్టి. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి శాక్సోఫోన్ శ్రుతి పైకెక్కుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్లు (శ్రుతి తేడాకి కొలత), అంటే 10 డిగ్రీల తేడాకి 30. అర స్వరమే 100 సెంట్లు కదా. ఊపిరి వెచ్చదనం గొట్టంలో ముందే ఉంటుంది కనుక వాస్తవంలో తేడా కొంత తగ్గుతుంది. వయొలిన్ స్టీల్ తంతులేమో వేడికి సాగి బిగువు తగ్గి కిందికి దిగుతాయి. రెండు వాయిద్యాలనీ పెట్టెలు తెరిచి పావుగంట స్టేజీ మీద, నీడలో ఉంచి, ఆ తర్వాతే శ్రుతి చేయండి. శాక్సోఫోన్ మౌత్‌పీస్‌ని కార్క్ మీద కొంచెం బయటికి లాగాలి. రెండు పెళ్లిళ్ల మధ్య వయొలిన్‌ని మూసిన కారులో వదలకండి, జిగురు మెత్తబడి అంచుల అతుకులు విడిపోతాయి.

ప్రశ్న: మానిటర్ (వాయించేవాళ్లకి వినిపించడానికి స్టేజీ మీద పెట్టే స్పీకర్) సౌండ్ పెంచితే మైక్ కుయ్‌మంటోంది.

జవాబు: కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేది) వెనక వైపు అన్నిటికన్నా తక్కువ వింటుంది. మానిటర్ అటే ఉండాలి. మైక్‌ని వాయిద్యానికి ఉన్న దూరంలో సగానికి తెస్తే దాదాపు 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. వాడని మైకులు మ్యూట్ చేయండి.

ప్రశ్న: రాత్రికి చెవుల్లో గింగురుమంటోంది.

జవాబు: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. రెండు కచేరీల రోజున సంగీతకారుల ఫిల్టర్ ఇయర్‌ప్లగ్‌లు మొదటి సౌండ్ చెక్ నుంచే పెట్టుకోండి. దూది పనికిరాదు.