నాకు తోచింది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ హామ్లెట్ అనువాదం మూడో అంకం మధ్యలో ఆపి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నడక బాగుంది. నాటకంలో నాటకం చూస్తూ రాణి గెర్‌ట్రూడ్ ఒక మాట అంటుంది కదా, దాన్ని నువ్వు 'నేను యోచించుచున్నాను' అని ముగించావు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

మూలంలో ఉన్నది 'మీథింక్స్', అంటే 'నాకు తోస్తోంది'. అందులో 'మీ' అంటే 'నాకు'. కర్త 'నేను' అయితే క్రియ చివర ఆ 'ఎస్' ఎందుకుంటుందమ్మా? ప్రాచీన ఆంగ్లంలో ఆలోచించడానికి 'థెంచన్', తోచడానికి 'థ్యుంచన్' అని రెండు క్రియలుండేవి. జర్మన్‌లో డెంకెన్, డ్యుంకెన్ అని ఆ జంట ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో ఉచ్చారణలు కలిసిపోయి రెండోది అంతరించింది. ఈ ఒక్క మాటలో మాత్రం మిగిలింది. వాళ్లు పోగొట్టుకున్న ఆ 'నాకు' మనకు రోజూ నోట్లో ఉండేదే: నాకు ఆకలేస్తుంది, నాకు భయమేస్తుంది, నాకు తోస్తుంది. చేతిలో ఉన్నదాన్ని వదిలి 'చుచు'లు తగిలిస్తే పాతదనం వస్తుందా?

పైగా రాణి అక్కడ ఏమీ యోచించడం లేదు. భర్త పోయిన నెలకే అతని సోదరుణ్ణి పెళ్లాడిన మనిషి, ఆ లోపలి నాటకంలోని రాణి మళ్లీ పెళ్లాడనని ఒట్లు పెట్టుకుంటుంటే, 'మరీ ఎక్కువ చెబుతోందని తోస్తోంది నాకు' అంటుంది. ఏమీ ఎరగనట్టు. ఆ గడుసుదనమంతా నీ 'యోచన'లో కొట్టుకుపోయింది.

పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ రాత్రుళ్లు అనువాదాలు చేసిన రోజుల్లో ఒక సంపాదకుడు నా 'తోచింది'లన్నీ కొట్టేసి 'భావించాను' అని పెట్టాడు. గంభీరంగా ఉంటుందట! ఆ ప్రూఫులు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చాయి. నోరెత్తకుండా నా మాటలు నేను పెట్టేసుకున్నాను. అచ్చయ్యాక చూసుకుని పారితోషికం ఎగ్గొట్టాడు. ఇప్పుడు పత్రికల్లో ఎవరికీ ఏమీ తోచదు, అందరూ భావిస్తారు.

రెండో అంకంలో రాజు మాట కూడా చూడు. 'ఇట్ లైక్స్ అస్ వెల్' అంటే 'మాకు బాగా నచ్చింది'. అప్పట్లో 'లైక్' అంటే నచ్చడం. నువ్వు 'మేము ఇష్టపడుచున్నాము' అన్నావు.

ముందుమాట సంగతి తర్వాత. ఈ రెండు అంకాలూ దిద్ది పోస్టులో పంపు. ఫోనులో చదవడం నా కళ్లకు కాదు.