రొయ్యలకీ పీతలకీ మధ్య వచ్చిన చిక్కు

ప్రశ్న: గాజువాకలో మాకు చేపల దుకాణం ఉంది. ఫిషింగ్ హార్బర్ నుంచి సరుకు రాగానే ఆ రోజు ధరలు డేటాబేస్‌లో ఎక్కిస్తాం. ఒక పీహెచ్‌పీ పేజీ వాటిని ఎక్స్‌ఎంఎల్‌గా (సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే పద్ధతి) మార్చి మా యాప్‌కి ఇస్తుంది. మొన్న 'రొయ్యలు & పీతలు' అని కొత్త ఐటమ్ పెట్టాం, అంతే, యాప్‌లో వంజరం, చందువలతో సహా లిస్టు మొత్తం ఖాళీ! ఎందుకిలా?

జవాబు: తప్పు పీతలది కాదు, పక్కనున్న & ది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తుకి వేరే పని ఉంది, అది కనబడగానే పార్సర్ (ఎక్స్‌ఎంఎల్‌ని చదివే ప్రోగ్రాం) తర్వాత ఏదో కోడ్ పేరు వస్తుందని చూస్తుంది, మీ దగ్గరేమో ఖాళీ జాగా, దాని వెనక పీతలు. హెచ్‌టీఎంఎల్ అయితే బ్రౌజర్ ఎలాగోలా సర్దుకుపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌కి ఆ మొహమాటం లేదు, ఒక్క తప్పు దొరికినా అక్కడితో ఆపెయ్యాలన్నది 1998లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉన్న రూలు.

మీరు బహుశా ట్యాగులనీ పేర్లనీ ఎకోతో (పీహెచ్‌పీలో రాతను బయటికి పంపే కమాండ్) అతికిస్తున్నారు. అది మానేసి, పీహెచ్‌పీలోనే ఉన్న ఎక్స్‌ఎంఎల్‌రైటర్ వాడండి. దాని రైట్‌ఎలిమెంట్‌కి పేరూ ధరా ఇస్తే &, < లాంటివన్నీ అదే కోడ్ పేర్లుగా మార్చి రాస్తుంది. డామ్‌డాక్యుమెంట్ (పీహెచ్‌పీలో ఇదే పనికున్న ఇంకో సాధనం) వాడదామనుకుంటే మాత్రం జాగ్రత్త, క్రియేట్‌ఎలిమెంట్‌కి రెండో విలువగా ఇచ్చిన & ని అది మార్చదు, క్రియేట్‌టెక్స్ట్‌నోడ్‌తోనే ఇవ్వాలి. డేటాబేస్‌లో & తీసేసి 'మరియు' అని దిద్దుకుంటూ కూర్చోకండి, రేపు కౌంటర్‌లో కుర్రాడు '<1 కేజీ' అని కొడతాడు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకోటి, ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌కి (అన్నిటికంటే పైన ఎక్స్‌ఎంఎల్ వెర్షన్ చెప్పే వరుస) ముందు ఒక్క ఖాళీ గీత కూడా ఉండకూడదు. ఇన్‌క్లూడ్ చేసిన ఫైలు చివర, ?> తర్వాత ఎవరో రెండుసార్లు ఎంటర్ నొక్కి ఉంటారు, దాన్ని పట్టుకోడానికి నేను ఒక రాత్రంతా తగలేశాను. అసలు ఆ ముగింపు ట్యాగే రాయకండి, పీహెచ్‌పీ ఏమీ అనుకోదు. ఫైలుని బామ్ (ఎడిటర్ ఫైలు మొదట్లో చేర్చే గుర్తు) లేని యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే కంటికి కనబడని 3 బైట్లు ముందు వచ్చి కూర్చుంటాయి. మైఎస్‌క్యూఎల్ కనెక్షన్‌కి కూడా యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి, తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారవు. (సరదాకి చెప్తున్నా, ట్యాగులు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు, <చేప><ధర> అని రాసినా ఎక్స్‌ఎంఎల్‌కి అభ్యంతరం లేదు.)

మార్చాక ఆ పేజీని బ్రౌజర్‌లో తెరిచి సోర్స్ చూడండి. రొయ్యలకీ పీతలకీ మధ్య & పక్కనే ఏ, ఎం, పీ అక్షరాలూ ఒక సెమికోలనూ కనబడితే యాప్‌కి లిస్టు వచ్చేస్తుంది.