రోజూ ఆఫీసుకు మ్యాక్సీ స్కూటరా? ముందు బియ్యం బస్తా ఎక్కడ పెడతారో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ. ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు పోనూ రానూ రోజుకు 45 కిలోమీటర్లు. వయసు నలభైకి దగ్గర పడింది, మామూలు స్కూటర్ మీద నడుం పట్టేస్తోంది. అందుకే మ్యాక్సీ స్కూటర్, అంటే పెద్ద ఒళ్ళు, వెడల్పాటి సీటు ఉండే స్కూటర్, కొనాలనుకుంటున్నారు. యమహా ఏరాక్స్, సుజుకి బర్గ్‌మన్, అప్రిలియా ఎస్‌ఎక్స్‌ఆర్, హీరో జూమ్ 160, వీటిలో ఏది మేలు? కాస్త అప్పు చేసైనా 300, 400 సీసీ బండికే వెళ్ళిపోవచ్చా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

నాదీ ఇంచుమించు మీ కథే. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసు గచ్చిబౌలి. మలక్‌పేట, చాదర్‌ఘాట్, లక్డీకాపూల్, మెహదీపట్నం, టోలిచౌకి మీదుగా రోజూ యాభై దాకా అవుతుంది. 2019లో బర్గ్‌మన్ స్ట్రీట్ 125 కొన్నాను. 2022లో ఏరాక్స్ 155 కొన్నాను. రెండూ ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. ఎందుకు ఉన్నాయో తర్వాత చెప్తాను. ఎస్‌ఎక్స్‌ఆర్ 160 మా బావమరిదిది, వాడు ఊరెళ్ళినప్పుడల్లా బండి నా దగ్గరే వదిలేస్తాడు కాబట్టి బాగానే నడిపాను. జూమ్ 160 మాత్రం టెస్ట్ రైడ్ వరకే. దాని గురించి నా మాటను ఆ మేరకే తీసుకోండి.

ముందుగా నడుం సంగతి. నా బర్గ్‌మన్ పాత మోడల్, వెనక చక్రం 10 అంగుళాలే. ముందు చక్రం 12. చూడ్డానికి ఏనుగులా ఉంటుంది, వెనక నుంచి చూస్తే మాత్రం ఆ చిన్న చక్రం ఎవరో పొరపాటున బిగించినట్టు ఉంటుంది. సాఫీ రోడ్డు మీద దానంత సుఖం ఇంకోటి లేదు. కాళ్ళు ముందుకు చాపుకుని సోఫాలో కూర్చున్నట్టు వెళ్ళొచ్చు. గుంత వచ్చిందా, ముందు చక్రం ఎలాగో దాటేస్తుంది, మరుక్షణం వెనక చక్రం అందులో దిగబడి దభీమని వెన్ను అడుగున తగులుతుంది. రోడ్డు మట్టం కన్నా రెండంగుళాలు కిందికి ఉండే మ్యాన్‌హోల్ మూతలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మూడేళ్ళలో నా దారిలో ఉన్న ప్రతి మూత ఎక్కడుందో నా నడుముకు కంఠతా వచ్చేసింది. 2022 చివర్లో వచ్చిన ఈఎక్స్ మోడల్‌లో వెనక కూడా 12 అంగుళాల చక్రం ఇచ్చారు. బర్గ్‌మన్ తీసుకుంటే అదే తీసుకోండి, ఆ తేడా కోసం ఇంకొంచెం ఖర్చయినా పర్వాలేదు.

ఏరాక్స్‌కు రెండూ 14 అంగుళాలు, వెనక టైరు 140 మిల్లీమీటర్ల వెడల్పు. గుంతలో దిగబడదు, మీది నుంచి దొర్లుకుంటూ పోతుంది. అలాగని మెత్తగా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. షాకర్లు గట్టివి. ఒక్కరే ఉంటే స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమని కొడుతుంది, వెనక మనిషి ఉంటేనే కాస్త దిగుతుంది. అయినా సాయంత్రం ఇంటికొచ్చాక నాకు నొప్పి తగ్గింది. కారణం మెత్తదనం కాదు, ఆ పెద్ద దెబ్బ లేకపోవడమే. సీటు విషయంలో మాత్రం ఎస్‌ఎక్స్‌ఆర్‌దే పైచేయి. వెడల్పాటి సీటు, ఒళ్ళు ఎటు జరుపుకున్నా చోటుంటుంది. గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా కూర్చున్న చోట మంట పుట్టలేదు.

ఇక ఇంజిన్. ఇంటర్నెట్‌లో అందరూ దీని గురించే కొట్టుకుంటారు, నా లెక్కలో ఇది మూడో విషయం. బర్గ్‌మన్‌ది 8.7 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), ఏరాక్స్‌ది 15. కాగితం మీద దాదాపు రెట్టింపు. ఉదయం తొమ్మిదిన్నరకు లక్డీకాపూల్ దగ్గర ఈ రెట్టింపుకు ఏం విలువుంటుంది చెప్పండి? ఏరాక్స్ మీద నాకు మిగిలేది ఐదు నిమిషాలు, అదీ షేక్‌పేట ఫ్లైఓవర్ ఖాళీగా దొరికిన రోజు. పైగా మన ఊళ్ళో టూవీలర్లను ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీదికీ రానివ్వరు. మ్యాక్సీ స్కూటర్ పుట్టిందే అలాంటి రోడ్ల కోసం. ఆ రోడ్లే మనకు లేనప్పుడు పెద్ద ఇంజిన్‌కు పెట్టే డబ్బు సగం అలంకారమే. పికప్ పనికొచ్చేది ఒక్కచోట: పక్క నుంచి ఆర్టీసీ బస్సు మీదికి ఒరిగినప్పుడు చటుక్కున ముందుకు దూకడానికి. ఆ ఒక్క క్షణానికి మాత్రం ఏరాక్స్‌కు దండం పెట్టాలి.

బ్రేకు అంతకన్నా ముఖ్యం. ఏరాక్స్‌లోనూ ఎస్‌ఎక్స్‌ఆర్‌లోనూ ముందు చక్రానికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉంది. నా బర్గ్‌మన్‌లో లేదు, రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ మాత్రమే. మలక్‌పేట రైలు వంతెన కింద వాన నీళ్ళు తగ్గాక మిగిలే బురద మీద ఒకసారి ఆటో అడ్డం వచ్చింది. ఏరాక్స్ హ్యాండిల్ చేతిలో గరగరమని వణికింది, బండి తిన్నగా ఆగింది. బర్గ్‌మన్ మీద అయితే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. 2023 నుంచి వచ్చే ఏరాక్స్‌లో వెనక చక్రం జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఇచ్చారు, నాదానికి లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ రివ్యూలోనూ సరిగ్గా చెప్పని విషయం.

ఏరాక్స్ తెచ్చిన మొదటి ఆదివారం కిరాణా షాపుకు వెళ్ళాను. 26 కిలోల సోనా మసూరి బస్తా చెప్పాను. (25 దాటితే జీఎస్టీ పడదని 2022 నుంచి మిల్లులు 26 కిలోల బస్తాలు కుట్టడం మొదలుపెట్టాయి, తెలిసిందే కదా.) కుర్రాడు బస్తా భుజాన వేసుకుని వచ్చి బండి ముందు నిలబడ్డాడు. ముందు చూశాడు. పక్కకు తిరిగి చూశాడు. "అన్నా, ఎక్కడ పెట్టాలె?" అన్నాడు. ఏరాక్స్‌లో కాళ్ళ మధ్య ఫ్లాట్ బోర్డు ఉండదు, బైకుకు ట్యాంకు ఉన్నట్టు మధ్యలో మోకాలి ఎత్తున దిమ్మ ఉంటుంది. పెట్రోల్ ట్యాంకు అందులోనే. బంకులో దిగకుండా, సీటు ఎత్తకుండా పెట్రోల్ పోయించుకోవచ్చు, అది హాయే. బస్తాకు మాత్రం చోటు లేదు. చివరికి వెనక సీటు మీద తాడేసి కట్టాం. దారి పొడవునా నా చెయ్యి ఒకటి వెనక్కి పోతూనే ఉంది.

బియ్యం బస్తానే కాదు. 20 లీటర్ల నీళ్ళ క్యాను, పిల్లల స్కూల్ బ్యాగు, కూరగాయల సంచి, పండక్కి కొన్న కుక్కర్ డబ్బా... మన ఇళ్ళలో స్కూటర్ అంటే సగం ట్రాలీ ఆటో. ముందు నిలబడే చిన్న పిల్ల ఉంటే ఇంకా కష్టం. జూమ్ 160 కూడా ఇదే తరహా, మధ్యలో దిమ్మే. పైగా 142 కిలోలు, ఈ నాలుగింట్లో బరువైనది. ఇంజిన్ నున్నగా ఉంది, 7 లీటర్ల ట్యాంకు ఉంది, అవి నచ్చాయి. మా సెల్లార్ ర్యాంప్ మీద దాన్ని వెనక్కి తోయడం ఊహించుకుని వదిలేశాను.

మా అమ్మ ఏరాక్స్ ఎక్కదు. వెనక సీటు ఎత్తు, చీర కట్టుకుని ఒకపక్కకు కూర్చోవాలంటే ఆమెకు ఎక్కడానికే ధైర్యం చాలదు. అదే బర్గ్‌మన్ మీద దర్జాగా కూర్చుంటుంది. మ్యాక్సీ స్కూటర్ కొన్నానని ఫోన్‌లో చెప్తే మా అత్తయ్యకు నైటీ గుర్తొచ్చి పది నిమిషాలు నవ్వింది, అది వేరే సంగతి. అందుకే రెండు బండ్లూ ఇంట్లో ఉండిపోయాయి. ఆఫీసుకు ఏరాక్స్, ఇంటి పనికి బర్గ్‌మన్. మా ఆవిడ దాన్ని అమ్మనివ్వదు.

ఖర్చు లెక్క క్లుప్తంగా. మైలేజీ నాకు బర్గ్‌మన్ 45 దాకా, ఏరాక్స్ 38, బావమరిది బండి 33 నుంచి 35 ఇచ్చాయి. ఏరాక్స్ ట్యాంకు 5.5 లీటర్లే కాబట్టి వారానికి రెండు సార్లు బంకు తప్పదు. దాని వెనక టైరు మా పేటలో ఏ పంక్చర్ షాపులోనూ దొరకలేదు, తెప్పించడానికి ఐదు రోజులు పట్టింది. అరిగిపోయేదాకా ఆగకుండా ముందే చెప్పి పెట్టుకోండి. సీటు కింద డిక్కీ 24.5 లీటర్లు, నా ఫుల్ ఫేస్ హెల్మెట్ ఒకటి పట్టాక రెయిన్‌కోటుకు చోటు మిగులుతుంది. ధరల గురించి పాత వీడియోలు చూసి లెక్క వేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

పెద్ద బండి గురించి అడిగారు కదా. మా ఆఫీసులో ఒకాయన బీఎండబ్ల్యూ సీ 400 జీటీ తెస్తాడు. 350 సీసీ, 34 హార్స్‌పవర్, 2021లో వచ్చినప్పుడే ఎక్స్‌ షోరూం 9.95 లక్షలు. బేస్‌మెంట్‌లో ఒక రౌండ్ తిరిగి చూశాను, కదిలాక బరువే తెలియదు, వెన్నలా పోతుంది. ఆగాకే తెలుస్తుంది. 214 కిలోలు. రెండు పిల్లర్ల మధ్య నుంచి దాన్ని బయటికి లాగడానికి ఆయన రోజూ సెక్యూరిటీ అతన్ని పిలుస్తాడు. వారాంతాల్లో శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు బాగుంటుందేమో, ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర క్లచ్ లేని ఏ స్కూటరైనా ఒకటే.

కాబట్టి మీ ఇంట్లో ఇంకో ఫ్లాట్ బోర్డు స్కూటర్ ఉండి, ఇది ఆఫీసుకు మీరొక్కరే వాడేదైతే ఏరాక్స్. ఇంటికంతటికీ ఇదొక్కటే బండి అయితే బర్గ్‌మన్ ఈఎక్స్, నడుం నొప్పి ఉన్నా సరే. సంకోచం లేకుండా చెప్తున్నాను. టెస్ట్ రైడ్‌కు షోరూం వాళ్ళు సాఫీ రోడ్డు మీదే తిప్పి తెస్తారు. ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, మీ ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని, ఎక్కడైనా మూడు స్పీడ్ బ్రేకర్లు దాటించి చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నట్టు. మెల్లగా కదిలేటప్పుడు వెనక నుంచి వణుకు, కీచుమనే శబ్దం ఉంటే ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి అందించే బెల్టు, రోలర్ల పని ఉందని అర్థం, ఆ మేరకు ధర తగ్గించమనండి. ఏరాక్స్ అయితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) చివరిసారి ఎప్పుడు మార్చారో సర్వీస్ బుక్కులో చూడండి. టైరు పక్కన చెక్కిన నాలుగు అంకెలు చదవండి: 2322 అని ఉంటే అది 2022లో 23వ వారంలో తయారైన టైరు. బండి 2022ది, టైరూ 2022దే, మీటర్ మీద ఏడు వేలే ఉన్నా, ఏళ్ళు గడిచి రబ్బరు గట్టిపడి ఉంటుంది కాబట్టి ఆ టైర్లు మార్చడానికయ్యే డబ్బు కూడా లెక్కలో వేసుకోండి.