ఆ చోటికి తీసుకెళ్తే గుర్తొస్తుందా?

(మనసు గురించి పాఠకుల ప్రశ్నలకు బెంగళూరు జయనగర్‌లో ఉంటున్న విశ్రాంత క్లినికల్ సైకాలజిస్టు జవాబులు)

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది అనంతపురం జిల్లా. పదేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. సంక్రాంతికి ముందు మా తమ్ముడు, వాడి స్నేహితుడు బండి మీద వస్తుంటే బొమ్మసంద్ర దగ్గర లారీ తగిలింది. బండి నడిపింది మావాడే. స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. మావాడికి చెయ్యి విరిగింది, అంతే. నెల తర్వాత ఆఫీసుకని వెళ్లినవాడు ఇంటికి రాలేదు. నాలుగో రోజు ధర్మవరం స్టేషన్లో రైల్వే పోలీసులకు దొరికాడు. పేరడిగితే చెప్పలేకపోయాడట. ఇప్పుడు మమ్మల్ని గుర్తుపడుతున్నాడు గానీ యాక్సిడెంటు, ఆ తర్వాతి నెల, ధర్మవరం ఎలా వెళ్లాడో ఏదీ గుర్తులేదు. స్నేహితుడికి ఫోన్ చేస్తానంటున్నాడు. ఈ మధ్య హిచ్‌కాక్ తీసిన ‘స్పెల్‌బౌండ్’ సినిమా చూశాను. అందులో డాక్టరమ్మ హీరోని మంచుకొండ మీదికి తీసుకెళ్లగానే అంతా గుర్తొస్తుంది. మేమూ తమ్ముణ్ని బొమ్మసంద్ర తీసుకెళ్దామా? నిజం చెప్పించే ఇంజెక్షన్ ఉంటుందంటున్నారు, చేయించమంటారా? అమ్మేమో గాలి సోకింది, తాయత్తు కట్టిద్దామంటోంది.
(పేరు వద్దన్నారు)

జవాబు: బాబూ, బొమ్మసంద్ర తీసుకెళ్లకండి. మీ ఉత్తరంలో నంబరు ఉంది కాబట్టి ఈ మాట ఫోన్లో ముందే చెప్పాను. ఇలాంటి కష్టం ఇంకా చాలా ఇళ్లలో ఉంటుంది కనుక మీ అనుమతితో మిగతా సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు తల స్కాన్ సంగతి. ‘చెయ్యి విరిగింది, అంతే’ అన్నారు. తలకు తగిలిన దెబ్బ పైకి కనపడకపోయినా, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం కొద్దికొద్దిగా చేరి, కొన్ని వారాల తర్వాత మనిషి తికమకపడటం మొదలుకావచ్చు. మూర్ఛ జబ్బులో కొన్ని రకాలు కూడా ఫిట్స్ పైకి కనపడకుండానే జ్ఞాపకాన్ని తుడిచేస్తాయి. అందుకే స్కాన్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), రక్తపరీక్షలు అయ్యాకే మనసు దగ్గరికి రావాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో నరాల డాక్టర్లూ మానసిక వైద్యులూ ఒకే ఆవరణలో ఉంటారు. అక్కడికి తీసుకెళ్లండి. యాక్సిడెంటు రోజు ఆస్పత్రిలో ఇచ్చిన కాగితాలు, మందుల చీటీలు ఒక్కటి కూడా వదలకుండా పట్టుకెళ్లండి.

అవన్నీ మామూలుగా ఉంటే, మీరు చెప్పిన లక్షణాలను డాక్టర్లు డిసోసియేటివ్ ఆమ్నీషియా అంటారు. భరించలేని సంఘటన తర్వాత ఆ సంఘటన, ఒక్కోసారి తన పేరూ ఊరూ కూడా అందకుండా పోతాయి. ఇల్లు వదిలి ఎటో వెళ్లిపోవడాన్ని ఫ్యూగ్ అంటారు. అలాంటి స్థితిలో కూడా మాట, లెక్క, నేర్చుకున్న పని పోవు. మీ తమ్ముడు ధర్మవరం దాకా వెళ్లగలిగాడంటే రైలెక్కడం, దిగడం తెలిసే ఉంది కదా. ఇలాంటప్పుడు ‘నటిస్తున్నాడు’ అని బంధువులు అనేది సరిగ్గా ఇక్కడే. నటించడం లేదు. ఆ మాట వాడి చెవిన పడనివ్వకండి.

ఇక సినిమా. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా గురువుగారు మా అందరికీ ‘స్పెల్‌బౌండ్’ చూపించి, ఆ లేడీ డాక్టరు చేసినవాటిలో మీరు ఎన్నడూ చేయకూడనివి రాయండి అన్నారు. పేషెంటును ప్రేమించడం, పోలీసులు వెతుకుతుంటే వెంటబెట్టుకుని దాచడం, అతను హంతకుడో కాదో తేలకముందే ఇద్దరే కొండ మీద, మంచులో జారే స్కీయింగుకు వెళ్లడం. అందరం పేజీ నింపేశాం. అది చదివి ఆయన, ఇప్పుడు సినిమా నిజం చెప్పినచోట్లు కూడా రాయండి అన్నారు. దాని మీద చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

1945 నాటి సినిమా అది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ డాక్టరు, గ్రెగరీ పెక్ జ్ఞాపకం పోయిన మనిషి. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ స్వయంగా మనోవిశ్లేషణ (సైకోఅనాలిసిస్), అంటే మనసులో అణిగినవి మాటలతో బయటికి తీసే వైద్యం, చేయించుకున్నవాడు, తనకు వైద్యం చేసిన మే రామ్‌నే సినిమాకు సలహాదారుగా పెట్టుకున్నాడు. హిచ్‌కాక్ మాత్రం తర్వాత ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ, అది నకిలీ మనోవిశ్లేషణలో చుట్టిన వెతుకులాట కథ మాత్రమేనని తేల్చేశాడు. ఆయన అంత తేలిగ్గా తీసేసినా, అందులో రెండు సంగతులు నాకు నిజంగా కనిపిస్తాయి. హీరో తన పేరు మరిచిపోతాడు, నేర్చుకున్న వైద్యం మాత్రం మరిచిపోడు. ఇది ఆస్పత్రిలో చూసేదే. రెండోది, భోజనాల బల్ల దగ్గర ఆమె ఫోర్కుతో తెల్లగుడ్డ మీద గీతలు గీయగానే అతను ఉలిక్కిపడి కోపం తెచ్చుకుంటాడు. ఆ గీతల వెనక మంచు మీద స్కీ జాడలున్నాయి, వాటి వెనక చిన్నప్పుడు తన వల్ల ఇనుపచువ్వల మీద పడి చనిపోయిన తమ్ముడున్నాడు. అది ప్రమాదం. కానీ ఆ పిల్లవాడు నేనే చంపాననుకుంటూ పెరిగాడు. అందుకే పెద్దయ్యాక, డాక్టర్ ఎడ్వర్డ్స్ అనే మానసిక వైద్యుడు తన కళ్లముందు లోయలో పడితే, ఆ నేరం కూడా తనదే అనుకుని, చనిపోయినవాడి పేరునే తగిలించుకున్నాడు.

మీ తమ్ముడు బండి నడిపాడు బాబూ. స్నేహితుడు పోయాడు. సినిమాలో మీరు పట్టించుకోవలసింది కొండ కాదు, ఈ తప్పు చేశానన్న బాధ.

తెర మీద ఆ బాధ ఒక్క అరుపుతో బయటికొచ్చి, మరుక్షణం ఆమె ‘నువ్వు చంపలేదు’ అనగానే తీరిపోతుంది. బయట అలా జరగదు. జ్ఞాపకం చాలామందికి తిరిగొస్తుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి, ఒక్కోసారి ముక్కలుముక్కలుగా. వచ్చిన రోజే అన్నిటికంటే ప్రమాదం. ఏం జరిగిందో ఒక్కసారిగా తెలిసి ప్రాణం తీసుకోవాలనిపించే అవకాశం ఉంటుంది. అలాంటి రోజును మీ అంతట మీరు లారీలు తిరిగే రోడ్డు పక్కన తెప్పిస్తే ఎవరు పట్టుకుంటారు? ఆ చోటు చూడటం ఎప్పుడో ఒకప్పుడు చికిత్సలో భాగం కావచ్చు. ఎప్పుడన్నది వైద్యం చేసే మనిషి, మీ తమ్ముడు కలిసి నిర్ణయించుకోవాలి.

ఇంజెక్షన్ గురించి. మత్తులో మనిషి మాట్లాడతాడు, నిజమే. అడిగేవాళ్ల మాటను బట్టి లేనిది కూడా చెబుతాడు. నేరాల దర్యాప్తులో కూడా మనిషి ఒప్పుకోకుండా ఈ మత్తు ఇంజెక్షన్‌తో నార్కో పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ కేసు మన కర్ణాటకదే.

మత్తు లేకుండా కూడా ప్రశ్న జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు కొంతమందికి కార్లు ఢీకొన్న ఫిల్మ్ చూపించి, వేగం ఎంత ఉందని అడిగారు. యాభై మందిని ‘తగిలినప్పుడు’ అని, ఇంకో యాభై మందిని ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అనే అర్థంలో అడిగారు. వారం తర్వాత అద్దం పగిలిందా అంటే మొదటివాళ్లలో 7 మంది, రెండోవాళ్లలో 16 మంది అవునన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ మీ తమ్ముణ్ని ‘స్పీడుగా పోయావా, ఫోన్ చూశావా’ అని అడిగితే, రేపు వాడికి గుర్తొచ్చేది ఏ యాక్సిడెంటు? ఆ ప్రశ్నలు ఆపించండి. ‘గుర్తొచ్చిందా’ అని మీరూ అడగకండి.

స్నేహితుడికి ఫోన్ చేస్తానన్నప్పుడు బతికున్నాడని మాత్రం చెప్పకండి. ‘ఆ విషయం డాక్టరు గారి దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం, నేనుంటాను’ అనండి. ఇదే కారణంతో చికిత్స ఒక్కరోజు కూడా వాయిదా వేయవద్దు, ఆ నిజం ఫోన్లో ఎవరో చెప్పేలోపే మీరు డాక్టరు ముందు ఉండాలి. నిద్ర, వేళకు భోజనం, పక్కన ఒక మనిషి. బండి తాళాలు, నిద్రమాత్రలు, పురుగుమందుల్లాంటివి అందకుండా పెట్టండి. రాత్రివేళ భయమేస్తే ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వస్తే నంబరు కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అమ్మగారిని తాయత్తు కట్టనివ్వండి. ఆమె చేతికి కూడా ఒక పని కావాలి కదా. కొట్టడం, పస్తులుంచడం, పొగ పట్టడం, మందులు ఆపమనడం ఉన్న చోటికి మాత్రం వద్దు. మీరు ఆ సినిమా తమ్ముడికి చూపించాలనుకుంటే దయచేసి మానండి. చివర్లో అసలు హంతకుడు తుపాకీ తన వైపే తిప్పుకునే దృశ్యం ఇప్పుడు వాడు చూడవలసింది కాదు.

ప్రశ్న: మేడమ్, నేను యలహంకలో డిగ్రీ చదువుతున్నాను. ‘స్పెల్‌బౌండ్’లో కలను విప్పితే హంతకుడు దొరికాడు. నాకు పరీక్ష హాల్లో పెన్ను రాయనట్టు తరచూ కల వస్తోంది. దీనికి అర్థం ఏమైనా ఉంటుందా?

జవాబు: ఆ కలను రూపొందించింది చిత్రకారుడు సాల్వడార్ డాలీ. అప్పటి సినిమాల్లో కలంటే పొగమంచు. హిచ్‌కాక్‌కు అలా మసక వద్దు, అంచులు పదునుగా కనపడాలి, అందుకే ఆయన్ని పిలిపించాడు. కళ్లు గీసిన తెరలు, వాటిని కత్తిరించే పెద్ద కత్తెర, ముఖం లేని మనిషి. చూడటానికి అద్భుతం అమ్మా, దానికి తోడు మిక్లోష్ రోజా సంగీతంలో తాకకుండానే మోగే థెరమిన్ వాద్యం. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

అయితే ఆ కలలోని పేకాటలో 21 అంటే ఫలానా క్లబ్బు, రెక్కలంటే ఫలానా లోయ అని కథలో విప్పినట్టు నిజం కలలు విప్పుకోవు. మేము కలకు అర్థం చెప్పడం కంటే, నిద్ర ఎలా ఉంది, పగలు దేనికి టెన్షన్ పడుతున్నావు అని అడుగుతాం. నీకు వచ్చే కల చదువుకునేవాళ్లలో చాలామందికి వచ్చేదే. మాటిమాటికీ వచ్చి నిద్ర చెడగొడుతుంటే ఒక పద్ధతి ఉంది: పగలు కూర్చుని ఆ కలను రాయి, ముగింపు నీకు నచ్చినట్టు మార్చు, పక్కవాళ్లు పెన్ను ఇచ్చినట్టో, ఇంకేదో. మార్చిన కలను పడుకునే ముందు మనసులో కాసేపు నడిపించు. పీడకలలకు ఇది చికిత్సగానే వాడతారు.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్భై దాటాయి. మనవళ్ల పేర్లు మారుస్తున్నారు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు. సొంతూరు మదనపల్లి తీసుకెళ్లి పాత ఇల్లు చూపిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని మావారు అంటున్నారు.
(కె.ఆర్.పురం)

జవాబు: ఊరికి తీసుకెళ్లండమ్మా, ఆమెకు సంతోషం. జ్ఞాపకశక్తి మాత్రం దానితో రాదు, ఇది పై ఉత్తరంలోని మరుపు లాంటిది కాదు. థైరాయిడ్, బి12 పరీక్షలు ముందు చేయించండి. అవి తక్కువై కూడా ఇలా అవుతుంది, మందులతో బాగుపడవచ్చు. దిగులుగా ఉంటున్నారా, నిద్రమాత్రలు వాడుతున్నారా చూడండి, చెవులు కూడా పరీక్ష చేయించండి. ఇవేవీ కాకపోతే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అవునో కాదో తేల్చుకోవడానికి న్యూరాలజిస్టును కలవాలి. ఈలోగా పాలు పెట్టే పని మీరు తీసుకోండి, పేర్లు తప్పు చెప్పినప్పుడు పిల్లల్ని నవ్వనివ్వకండి. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి.