తూకం చెప్పని కొవ్వు

ప్రశ్న: తాటిచెట్టు మీదనుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న మా అన్నయ్య రెండేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉంటున్నారు. బరువు పెరగలేదు గానీ పొట్ట పెరిగింది, షుగర్ కూడా వచ్చింది. ఎందుకండీ?

జవాబు: నడుము కింద చచ్చుబడిన కండరం కరిగిపోతూ, ఆ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది కనుక తూకంలో తేడా కనిపించదు, రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే కాబట్టి, అది తగ్గినకొద్దీ ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. అందుకే ఇలాంటివారిలో బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే లెక్క) 22 చేరినా ఊబకాయంగానే పరిగణించాలని నిపుణులు సూచిస్తారు. మునుపటిలాగే కంచం నిండా అన్నం వడ్డించడం మీ ప్రేమే అయినా, ఆయన శరీరం ఖర్చుచేసే శక్తి ఇప్పుడు తక్కువ. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూరలు పెంచండి. భుజాలు అరిగిపోకుండా చేతులతో చేసే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి.