రూమ్మేట్ ఇంటికి రాలేదు, ఫోన్ స్విచాఫ్: అమెరికాలో ముందు ఏం చేయాలి?

మిస్సింగ్ కేసు పెట్టాలంటే 24 గంటలు ఆగాలని కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది నమ్ముతారు. అలాంటి చట్టమేమీ లేదు. రిపోర్టు ఇవ్వడానికి మీరు రక్తసంబంధీకులు కానక్కర్లేదు, రూమ్మేట్ ఇస్తే చాలు. వాట్సాప్ గ్రూపుల్లో "ఎవరైనా చూశారా" అని అడుగుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది.

ప్రాణాపాయం అనిపిస్తే 911. లేదంటే ఆ ఊరి పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరు. ఒక చిక్కుంది: మీరు డాలస్‌లో ఉండి, స్నేహితుడు చికాగోలో కనపడకపోతే, మీరు కొట్టిన 911 మీ ఊరి కేంద్రానికే వెళ్తుంది. చికాగో పోలీసుల పది అంకెల నంబరు వెతికి చేయాలి. అతను గదిలోనే పడిపోయాడేమోనన్న అనుమానముంటే "వెల్‌ఫేర్ చెక్" చేయమని అడగండి, పోలీసులు వెళ్ళి తలుపు తడతారు.

21 ఏళ్ళు నిండనివాళ్ళయితే, రిపోర్టు అందిన రెండు గంటల్లోగా ఎన్‌సీఐసీ అనే జాతీయ డేటాబేస్‌లో ఎక్కించాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ వయసు దాటితే, మీరు చెప్పే మాటల మీదే చాలా ఆధారపడి ఉంటుంది. "ఫోన్ ఎత్తట్లేదు" అంటే పెద్దగా పట్టించుకోకపోవచ్చు. "రోజూ అమ్మకు ఫోన్ చేస్తాడు, రెండ్రోజులుగా చేయలేదు, ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంది, పర్సు టేబుల్ మీదే ఉంది" అంటే వింటారు. ఈమధ్య దిగులుగా మాట్లాడి ఉంటే అదీ చెప్పండి. కేస్ నంబరు, ఆఫీసర్ పేరు రాసుకుని, ఎన్‌సీఐసీలో ఎక్కించారా అని అడగండి.

పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ, ఎత్తు అడుగుల్లో, బరువు పౌండ్లలో, ఆ రోజు వేసుకున్న బట్టలు, ఈమధ్యే తీసిన ఫోటో సిద్ధంగా పెట్టుకోండి. కారు ప్లేట్ నంబరు ఎవరికీ గుర్తుండదు. పార్కింగ్ పర్మిట్ కోసం లీజింగ్ ఆఫీసులో ఇచ్చి ఉంటాడు, అక్కడ కనుక్కోండి. కారును టో చేసి యార్డులో పడేశారేమో కూడా కనుక్కోమనండి.

క్యాంపస్ బయట పనికి వెళ్ళేవాడని చెబితే స్టూడెంట్ వీసా పోతుందేమోనని మిత్రులు దాచిపెడతారు. దాంతో పోలీసులు లైబ్రరీ చుట్టూ తిరుగుతారు, మనిషి ఇంకోవైపు ఉంటాడు. చివరిసారి నిజంగా ఎక్కడున్నాడో అదే చెప్పండి.

ఫోన్‌కి వరసగా రింగులిస్తే బ్యాటరీ అయిపోతుంది. ఒక్క మెసేజ్ పెట్టి ఆపండి. పాస్‌వర్డులు ఊహించి కొడితే ఖాతా లాకవుతుంది. టవర్ ద్వారా ఆచూకీ పోలీసులు అడిగితేనే కంపెనీ ఇస్తుంది. కానీ నలుగురైదుగురు కలిసి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుని ఉంటే, ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళకి కాల్ వివరాలు కనిపిస్తాయి. ఆఖరి కాల్ ఎప్పుడు, ఏ నంబరుకి వెళ్ళిందో చూసి డిటెక్టివ్‌కి ఇవ్వండి.

ఆస్పత్రులు, కౌంటీ జైళ్ళు వెతికేటప్పుడు మన పేర్లతోనే చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి వీసాలో ముందు పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందు పేరు తెలియదు) అని పడుతుంది. ఆ పేరుతోనూ, పేరు-ఇంటిపేరు తారుమారు చేసీ, స్పెల్లింగ్ మార్చీ వెతకండి. పేరు తెలియని పేషంట్లు ఎవరైనా ఉన్నారా అని ఆస్పత్రిలో విడిగా అడగండి. ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకున్నారన్న అనుమానముంటే ఐస్ అనే ఆ విభాగం ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్‌లో (అదుపులో ఉన్నవాళ్ళని వెతికే పేజీ) పేరు, పుట్టిన దేశం ఇచ్చి చూడొచ్చు.

అరెస్టయితే కాన్సులేట్ వాళ్ళే చెబుతారులే అనుకోవద్దు. భారతీయుల విషయంలో, అరెస్టయిన మనిషి అడిగితేనే కాన్సులేట్‌కి కబురు వెళ్తుంది. కాబట్టి ఆ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందకొస్తుందో చూసి, కేస్ నంబరుతో మెయిల్ చేయండి. భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఇంటివాళ్ళతో ఫిర్యాదు పెట్టించండి. యూనివర్సిటీలో డీన్ ఆఫ్ స్టూడెంట్స్‌కీ, డీఎస్‌ఓకీ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) చెప్పండి.

అతని గది సర్దకండి. దువ్వెన, టూత్‌బ్రష్, ఉతకని బట్టలు ఉన్నచోటే ఉండనివ్వండి, డీఎన్‌ఏకి అవే ఆధారం.

పోస్టర్ మీద మీ సొంత నంబరు వేయొద్దు. పోలీసుల నంబరు, కేస్ నంబరు చాలు. పాస్‌పోర్టు కాపీ అసలే పెట్టొద్దు. పోస్టర్ చూసి "మీవాడు మా దగ్గరున్నాడు, డబ్బు పంపండి" అని ఇండియాలో తల్లిదండ్రులకి ఫోన్లొస్తాయి. అలాంటివి వస్తే పైసా పంపకుండా డిటెక్టివ్‌కి చెప్పాలని వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. వాళ్ళతో ఒక్కరే మాట్లాడాలి, పదిమంది పది రకాలుగా చెబితే వాళ్ళు తట్టుకోలేరు.

వారాలు గడిచినా ఆచూకీ లేకపోతే నామ్‌యూఎస్ అనే, తప్పిపోయినవాళ్ళ జాతీయ డేటాబేస్‌లో కూడా నమోదు చేయించండి, ఉచితమే.

దొరికినా, మేజరైన మనిషి వద్దంటే పోలీసులు "క్షేమంగా ఉన్నాడు" అని మాత్రమే చెబుతారు, చిరునామా ఇవ్వరు. అతనే మీకు ఫోన్ చేస్తే ఆ మాట వెంటనే పోలీసులకి చెప్పి రిపోర్టు తీసేయించండి. లేదంటే రేపు మామూలు ట్రాఫిక్ స్టాప్‌లోనూ కంప్యూటర్ అతన్ని తప్పిపోయినవాడిగానే చూపిస్తుంది.